వల మడత

హుద్‌హుద్ కిటికీ పెరికేసిన ఆదివారం
సీడీల పెట్టె మీద టార్పాలిన్ కప్పి
దాని మీద నేనే బరువుగా కూర్చున్నాను.
నాలుగు వందల పన్నెండు.
ఒక్కటీ తడవలేదు.
కానీ ఉప్పుగాలి ఆ రోజుతో ఆగేది కాదు.
పెదవాల్తేరులో కిటికీ ఊచల్నే తినేసేదానికి
అద్దం వెనక పూత ఒక లెక్కా?

మొన్న ఒకటి వెలుతురుకి పట్టి చూశాను.
సూదిమొనంత చుక్కల్లోంచి
ట్యూబులైటు కనబడింది.
అంటే ఆ చుక్కల్లో పాట లేదు.

గాజువాక నుంచి ఎల్లాజీ వచ్చాడు,
జేబులో అగ్గిపెట్టెంత డిస్కు.
"ఎంపీత్రీ చేసెయ్ మావా. ఎంతో చోటక్కర్లేదు.
చెవికి ఆననిదే తీసేస్తాది."
ఎవరి చెవికి, అనడిగాను.
వాడు నవ్వాడు. అదీ సగమే వినపడింది.

షిప్‌యార్డులో ముప్పై ఒక్కేళ్లు
రేకు మీద సుత్తి పడే చోట నిలబడ్డవాణ్ణి.
కేజీహెచ్‌లో చెవులకి డబ్బాలు తగిలించి
వినపడితే వేలెత్తమన్నారు.
చాలాసేపు ఎత్తకుండా కూర్చున్నాను,
మెషిను ఇంకా మొదలెట్టలేదనుకుని.
కాగితం మీద నా గీత
డాల్ఫిన్స్ నోస్ కొండలా కాస్త దూరం నడిచి
నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోయింది.

న్యాయంగా చూస్తే
ఎంపీత్రీ నాకోసమే పుట్టింది.
అది పారేసేదంతా
నా దగ్గర ఎప్పుడో పోయిందే.

అయినా అడిగాను, ఇంకేం ఉన్నాయిరా అని.
వేవ్ ఉందన్నాడు. ఉన్నదున్నట్టు,
సీడీలో ఎంతో డిస్కులోనూ అంత.
వాయించిందెవరో, ఏ ఏడో సరిగ్గా రాసుకోదట,
రేవులో దింపిన చీటీ లేని సరుకు.
ఫ్లాక్ ఉందన్నాడు. దాదాపు సగం చోటు,
ఏదీ పోదు.
సగంలో అంతా ఎలా పడుతుందిరా?
వాడికి చెప్పడం రాలేదు.

సాయంత్రం ఫిషింగ్ హార్బరు వైపు పోయాను.
ఒక పక్క పట్టా మీద నెత్తళ్లు ఎండుతున్నాయి.
తేలిక, ఏడాది నిలవ, పులుసుకి చారెడు చాలు.
నీళ్లలో వేస్తే ఉబ్బుతాయి గానీ
ఈదవు.
ఇంకో పక్క ఒక ముసలాయన వల మడుస్తున్నాడు.
గది నిండే వల ఒళ్లోకి వచ్చింది.
రేపు విప్పితే ఒక్క కన్నూ తగ్గదు.

"వల మడతేనా అది?" ఫోను చేసి అడిగాను.
"అలాటిదే మావా. విప్పేక కళ్లు సరిచూసుకోడానికి
లోపల చీటీ కూడా ఉంటాది."

అప్పటికీ తేలలేదు.
వినలేనిదాన్ని దాచుకోడం
దేనికిందకొస్తుందో తెలీక.

ప్లేటు షాపు ముందు, ఆయుధపూజనాడు,
తాతాజీ వాయించిన క్లారినెట్.
సీడీ మీద వాడి వంకర అక్షరాలే.
రెండు రకాలుగానూ ఎక్కించి
ఏది ఏదో చెప్పమన్నాడు ఎల్లాజీ.
చెప్పలేకపోయాను.
రెండోది అయిపోగానే మీట నొక్కాను.

వంటింట్లోంచి నూకరత్నం,
ఆ క్లారినెట్‌ని ఇరవయ్యేళ్లుగా తిట్టిన మనిషి,
"తాళం ఇంకా మోగుతోంది కదా, ఆపేశావేం?"

మళ్లీ పెట్టించాను.
తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ
గుమ్మంలో నిలబడింది.
నేను పాట వినలేదు, ఆమె ముఖం చూశాను.
అక్కడ తాళం ఆగాక
ఆపాను.

ఇప్పుడు రాత్రికి నాలుగు చొప్పున.
తాతాజీ సీడీ మూడో పాటలో
రెండు చోట్ల చదవలేకపోయానని
కంప్యూటరు నిజం ఒప్పుకుంది.
అతుకెయ్యమనలేదు నేను.
పేర్లు రాసే చోట ఇలా రాయించాను:
క్లారినెట్, తాతాజీ. తాళం, తెలీదు.
మధ్యలో రెండో షిఫ్టు సైరను.
చివరిదాకా విన్నది నూకరత్నం.

ఇంకో కాపీ గాజువాకలో, ఎల్లాజీ ఇంట్లో,
బియ్యం డబ్బా మీద,
సముద్రానికి కాస్త ఎడంగా.