గీతల రాయి

నయీంనగర్‌లో మూడో అంతస్తు. మే నెల.
కూలర్‌లో నీళ్లు పోసి వచ్చి
తడి చేతులు చున్నీకి తుడుచుకుని
మంచు ముందు కూర్చుంటాను.

మామూలు రంగుల్లో మంచూ మబ్బూ ఒకటే తెలుపు.
మొదటి వారమంతా మబ్బులకు హద్దులు గీశాను.
తాహెరా నవ్వి, అన్నీ చెరిపి
"గాలికి పట్టా రాసిస్తున్నవా?" అంది.
కంటికి అందని వెలుగొకటి కలిపి చూపింది:
మంచు నీలమైంది,
మబ్బు తెల్లగానే మిగిలిపోయింది.

ఇక్కడ ఒక గడి అంటే పది మీటర్లు.
ఎలుగుబంటి పట్టదు. మనిషి పట్టడు.
పొద్దు ఎప్పుడూ వాలే ఉంటుంది కాబట్టి
గుట్ట కన్నా ముందు నీడ దొరుకుతుంది.
నీడను కొలిచి ఎత్తు రాస్తాం.

నేల పలకలు పలకలుగా పగిలిన చోట మాత్రం
నాకెవరూ నేర్పనక్కర లేకపోయింది.
పరకాల రేగడి ఎండకు నోరు తెరుస్తుంది,
అది చలికి తెరిచింది.
మా పర్రెల్లో చెప్పు ఇరుక్కుంటుంది.
అక్కడ మంచు ఇరుక్కుని
ఏటేటా లావవుతుంది.

ఓదెలు మామ ఒకసారి ఆఫీసుకొచ్చాడు.
భూపాలపల్లిలో ఇరవై ఏడేండ్లు డ్రిల్లింగ్ మిషన్ మీద పని.
తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.
"నువ్వు పోయినవా బిడ్డా ఆడికి?"
"లేదు మామా."
"మరెట్ల గీస్తవ్?"
నేను మాట వెతుక్కునేలోపు తనే అన్నాడు:
"నేను మాత్రం భూమిల దిగిన్నా ఏంది.
పైపు పైకి తెచ్చింది పెట్టెల పేర్సి
గింత లోతుల గిది అని రాసుడే గద."

బొగ్గు దాటి ఇంకా కిందికి పోతే
గుండ్రాళ్లు కలిసిన పచ్చటి మట్టి వచ్చేదట.
అది కనబడితే ఇక బిట్టు ఆపమనేవాళ్లట,
దాని కింద బొగ్గుండదు.
జియాలజిస్టు సారొకాయన
ఒక రాయి మీది గీతలు చూపించి
ఇది మంచు ఈడ్చిన రాయి, అన్నాడట.
"నేను, మెకానిక్కు, ఇద్దరు హెల్పర్లు,
నలభై ఆరు డిగ్రీల ఎండల నిలవడి నవ్వినం.
సారుకు వడదెబ్బ తాకిందనుకున్నం."

అలాంటిదే ఇంకొకటి
మంథని దిక్కు ఒర్రెలో ఏరి
ఆ సారే మామ చేతిలో పెట్టాడట.
అత్త ఇన్నేండ్లూ దానితో చింతగింజలు కొట్టింది.
ఒక వైపు నున్నగా ఉంటుంది,
ఇంకో వైపు నాలుగు గీతలు, ఒకటి సగంలో ఆగింది.

ఇప్పుడది నా టేబుల్ మీద
కాగితాలు ఎగరకుండా కూర్చుంది.
తెర మీద, హిమానీనదం వెనక్కి జరిగిన చోట
వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సన్నటి చారలు.
గీస్తూ గీస్తూ ఎడమ చేతి వేలు
దానంతటదే రాయి మీదికి పోతుంది.

జూలైకల్లా పటం పంపాలి.
రంగుల పట్టీలో చివరిది "తెలియదు".
దానికి బూడిద రంగిచ్చాం.
బూడిద తగ్గించండి, అని పైనుంచి మెయిలు.
తాహెరా చదివి, జవాబివ్వకుండా
కూలర్‌కు ఇంకో బకెట్ తేవడానికి లేచింది.

కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంది. సేవ్ చేశాను.
తెర ఆరిపోయాక, చూడటానికి ఇంకేమీ లేక
రాయి మీద చెయ్యి పెట్టాను.
కాలుతోంది.