గీయని చోట

నలభై ఎనిమిది పేజీలు. రంగుల్లో.
డబ్బు సగం ముందు, సగం తర్వాత.
ఫ్లెక్సీలొచ్చి నా బ్రష్షులు ఎండిపోయిన తొమ్మిదో ఏడు
ట్రంకురోడ్డు మీది మా కొట్టుకి ఈ పని నడిచొచ్చింది:
ఉప్పుకాలవ పోలడి కథ, పిల్లలకి బొమ్మల పుస్తకంగా.

పోలడు తెలుసుగదా మీకు?
తెలీదా, అయితే మీరు పెన్న నీళ్ళు తాగినోళ్ళు కాదు.
దొరల కాలంలో, ఉప్పు మీద పన్ను ఉప్పుకన్నా బరువైన కాలంలో
రాత్రిళ్ళు కొఠారు పడవల్ని మాయం చేసి
తెల్లారేసరికి గుడిసె గుడిసె చూరులో
చారెడు ఉప్పు మూటగట్టి పోయినవాడు.
చూసినోళ్ళు లేరు. తినని వాళ్ళూ లేరు.

మొదటి పేజీ సులువుగా వొచ్చేసింది.
మీసం. కండలు. కాలవ గట్టున నల్లగుర్రం.
నెత్తిన చందమామ, నోటి పక్కన బుడగ:
"ఈ ఉప్పు మాది!"
పబ్లిషరు ఫోన్లోనే ఈలేశాడు.

అయినా ఎందుకో చెయ్యి సాగక
ఆదివారం అల్లూరు బస్సెక్కి ఇస్కపల్లి పోయినా.
పోలడి మునిమనవరాలంట, యాకసిరి చెంచులమ్మ,
రొయ్యల గుంట కాడ వల కుట్టుకుంటా ఉంది.
కాగితం చేతికిచ్చినా.
చానాసేపు చూసింది. తిరగేసి వెనక కూడా చూసింది.
"ఎవురబ్బయా ఇతను? పోలీసా?"

గుర్రం లేదంట.
"యానాదోడికి గుర్రమేంది, కాళ్ళకి చెప్పులే లేకపాయె."
మీసం సరిగా మొలవనే లేదంట.
పైగా నత్తి. ఉప్పు అనబోతే
'ఉ' కాడే తెల్లారేదంట.

మరి పడవోళ్ళని ఎట్ట బెదిరించాడమ్మా?
"బెదిరించేదేంది? మట్టగిడస మాదిరి నీళ్ళలో బోయి
తాడు కోసేవోడు. పోటుకి పడవే
నిద్దర్లో నడిచినట్టు మా తిప్ప కాడికొచ్చేది."

దొరికాడా అనడిగినా.
కథకి చివరి పేజీ కావాలిగదా, ఉరికొయ్యో, తుపాకో.
సూదికి దారం ఎక్కించుకుని చెప్పింది:
సిపాయిలొచ్చి ఇంటింటి గంజీ వేలితో నాకి చూశారంట.
ఉప్పగా తగిలిన ఇంటోళ్ళని వరసగా కట్టేశారంట.
ముప్పై ఇళ్ళు. కొట్టిన కొద్దీ కొట్టారు.
పేరు మాత్రం ఒక్క నోట్లోంచీ రాలా.
చప్పటి గంజి ఒక్క ఇంట్లోనే.
పోలడి అమ్మ ఇంట్లో.
ఊరందరికీ పంచినోడు ఆమెకి చిటికెడు తేలేదు.
ఆ చప్పదనమే ఆ పూట వాడిని దాచింది.

"మరి వాళ్ళంతా దెబ్బలు తింటుంటే
వాడు బయటికొచ్చి నేనే అనలేదా?"
ఆమె దారాన్ని పళ్ళతో కొరికింది.
"నత్తోడు గదబ్బయా.
ఆ మాట నోట్లోంచి వొచ్చేసరికి
ఎంతసేపు పట్టిందో ఏమో."

తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టినా.
కాలవకి నీలి సిరా, చీకటికి ఇంకో పూత.
ఉప్పు దగ్గరే తంటా వొచ్చింది.
తెల్లరంగు వేస్తే సున్నంలా ఉంది,
చుక్కలు పెడితే బియ్యంలా ఉంది.
రెండు రాత్రులు చెడగొట్టుకున్నాక తెలిసింది,
చుట్టూ అంతా నలుపు చేసి ఆ కాస్త కాగితాన్నీ
ముట్టుకోకుండా వొదిలేయాలని.
చూరులో మూట, పడవ నిండా కుప్ప,
సిపాయి వేలి కొస, అన్నీ వొట్టి కాగితమే.
అమ్మ గంజిని మాత్రం నిండా బూడిదరంగుతో నింపినా.

చివరి పేజీలో తాళ్ళ కట్టలు, వీపులు,
గుంపుకి వెనకాల మోకాళ్ళ లోతు నీళ్ళలో
సన్నటి మనిషి ఒకడు. నోటి పక్కన పెద్ద బుడగ.
బుడగలో ఒక్క అక్షరం:
"నే"

ప్రూఫులు చూసే కుర్రాడు ఫోన్ చేశాడు,
సార్, మిగతా మాట పడిపోయినట్టుంది, ఏమని దిద్దను అని.
దిద్దొద్దన్నా.

పబ్లిషరు ఈసారి ఈల వేయలేదు.
లోపల ఏమన్నా చేసుకో,
అట్ట మీద మాత్రం గుర్రం ఉండాల్సిందే అన్నాడు.
ఉంచినా.
మిగతా సగం డబ్బు ఇంకా రాలేదు.