కుడి పక్క

మూడో సిట్టింగు.
ఒంగోలులో మేడ మీద సంస్థ ఆఫీసు.
ఇద్దరి మధ్యా ఒక ఖాళీ కుర్చీ,
దాంట్లో పెంచలమ్మ టిఫిను గిన్నె.

"నా మాట ఇనడు మేడం." మళ్లీ అదే.
"ఊరికే అరుస్తా ఉంటది." అతనిదీ అదే.
పోయిన నెల రాసిన వాక్యాలే గదా అని
రిజిస్టర్లో 'పై విధముగా' అని పెట్టబోయాను.

జైబూన్ మేడం లేచి ఫ్యాను ఆపింది.
మాలకొండయ్య ఎడమ పక్కన నిలబడి
మెల్లగా అడిగింది: "అన్నం తిన్నావా?"
అతను కిటికీలోంచి బస్సులు చూస్తున్నాడు.
కుడి పక్కకొచ్చి అడిగింది.
"ఆఁ, పొద్దున్నే."

చీమకుర్తిలో పదకొండేళ్లు
రాయి కోసే మిషను ఎడమ వైపే ఉండేదంట.

పెంచలమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత గిన్నె తీసుకుని, కుర్చీల వెనక నుంచి
చుట్టూ తిరిగొచ్చి
అతని కుడి పక్క గోడకానుకుంది.
ఇన్నాళ్లకి అరవకుండా అడిగింది:
"మరి ఉగాదినాడు కొట్టావే,
అది చెయ్యి గదా?"

తల దించుకున్నాడు.
వినబడింది.

రిజిస్టర్లో రాశాను:
సోమవారం రిమ్స్‌లో చెవి పరీక్ష.
వాయిదా, పై బుధవారం.
'రాజీ' అన్న గడి
ఖాళీగానే వదిలేశాను.