హాజరు

ఈస్ట్ హార్ట్‌ఫర్డ్. అక్టోబరు. మంగళవారం.
వానా కాదు, మంచూ కాదు,
పైనుంచి ఎవరో తడిగుడ్డ దులుపుతున్నట్టు.
ఒకప్పుడు విమానాలు దిగిన నేల ఇది.
ఇప్పుడు దేశాలు దిగుతాయి,
తొంభై నిమిషాలుండి వెళ్ళిపోతాయి.

నాలుగో గేటు నాది.
చేతిలో స్కానరు, మెళ్ళో కార్డు,
బూట్లలో రెండు జతల మేజోళ్ళు.
ఫోను చూపిస్తారు, కీచుమంటుంది, లోపలికి.
ఒకటి.
కీచు. రెండు.
ఆట నాకు ఇప్పటికీ సరిగా రాదు.
ఆఫ్‌సైడంటే ఏమిటో ముగ్గురు చెప్పారు, మూడు రకాలుగా.
నాకు తెలిసిందల్లా వచ్చేవాళ్ళు.

ఇవాళ అమెరికాకీ గ్వాటెమాలాకీ.
సొంత జట్టువాళ్ళు కార్ల దగ్గరే ఆగారు,
డిక్కీలు తెరిచి సాసేజీలు కాల్చుకుంటూ,
జెండాని దుప్పటిలా కప్పుకుని.
వస్తార్లే. మొదటి గోలు అరుపు వినబడ్డాక వస్తారు.

ఆరుంబావుకి రెండు పసుప్పచ్చ స్కూలు బస్సులు.
పిల్లలు దిగుతారనుకున్నా.
దిగింది న్యూ బెడ్‌ఫర్డ్ చేపల ఫ్యాక్టరీ.
సాయంత్రం షిఫ్టు ఎవరికో అప్పగించి,
మోకాళ్ళు గెడ్డానికి ఆనించుకుని రెండు గంటలు
పిల్లల సీట్లలో కూచుని వచ్చిన పెద్దవాళ్ళు.
ఫోను చాచిన చేతులకి నిమ్మకాయ వాసన,
దాని కింద బ్లీచి,
దాని కింద, ఎంత కడిగినా, చేప.
డోలు కుదరదంది మా సూపర్‌వైజరు డెనీస్.
డోలు బస్సులో ఉండిపోయింది.
వాళ్ళు ఇనపకమ్మీలు వాయించుకుంటూ లోపలికెళ్ళారు.

ఎవులాలియా ఒక్కతే ఆగిపోయింది, ఫోను చచ్చిపోయి.
నా ఛార్జరిచ్చాను.
ఏడు నిమిషాలు నా పక్కన నిలబడి
లోపలి అరుపుల్ని బట్టి ఆట చెప్పింది.
"ఇప్పుడు మన బంతి" అంది.
మన అంటే ఎవరో నేనడగలేదు.

అందరికన్నా ఆఖర్న వెండెల్ ప్రూయిట్.
మెయిన్ రాష్ట్రం, బ్యాంగోర్ నుంచి ఐదు గంటలు,
ఒక్కడే, డెబ్భై ఎనిమిదేళ్ళు, ఎర్ర మఫ్లరు.
"చించడానికి ఏమీ లేదా?" అన్నాడు.
మాత్రల డబ్బా తెరిచి చూపించాడు.
ఆది, సోమ, మంగళ, ఏడు గదుల్లోనూ
మాత్రలకి బదులు టిక్కెట్టు ముక్కలు,
ఏ వారం ఆట ఆ వారం గదిలో.
టిక్కెట్లు ఫోన్లలోకి దూరాక
డబ్బా నిండటం మానేసిందట.
నా కోటు జేబులో సిల్వర్ లేన్ బస్సు టిక్కెట్టుంది.
నిలువునా చించి సగం ఇచ్చాను.
చదవకుండానే
మంగళవారంలో పెట్టుకున్నాడు.

డెబ్భయ్యో నిమిషంలో పెద్ద తెర మీద వేశారు:
నేటి హాజరు పదిహేడు వేల రెండొందల పద్దెనిమిది.
జనం చప్పట్లు కొట్టారు, తమకి తామే.
అన్ని గేట్లూ కలిపినా తొమ్మిది వేలు దాటలేదు.
"అమ్ముడైతే వచ్చినట్టే" అంటుంది డెనీస్.
ఖాళీ కుర్చీ మీద వాన కూచునుంది,
దానికీ టిక్కెట్టుందన్నమాట.

మా మేనమామ పెళ్ళిళ్ళలో
ఎందరు తిన్నారో చెప్పడానికి
ఎంగిలి విస్తళ్ళు లెక్కపెట్టేవాడు.
ఎన్ని శుభలేఖలు పంచారన్నది ఆయనకి అనవసరం.
బంతికి ఇంతమంది, మూడు బంతులు, ఇంత అన్నం.
నా చెవికి బంతంటే ముందు అదే.
అందుకే కాబోలు,
మన బంతి అని ఆ పిల్ల అనగానే
ఒక్క క్షణం ఆకలేసింది.

చెరో గోలు. ఎవరూ గెలవలేదు.
పసుప్పచ్చ బస్సులు కదిలేటప్పుడు
ఆగిన డోలు లోపల మొదలైంది.
పొద్దున నాలుగింటికి మళ్ళీ చేపలు.
వెండెల్ కారు అద్దాలు తుడుస్తూ కనబడ్డాడు,
చాలాసేపు తుడిచాడు.

సగం టిక్కెట్టు తిరుగుప్రయాణానికి చెల్లదన్నాడు డ్రైవరు.
నిజమే.
మళ్ళీ డబ్బులిచ్చి ఎక్కాను.
బస్సంతా నేనూ, ఆయనా.
తెరుంటే ఎంత వేసేవాళ్ళో.