రూపాయి బిళ్ళలు రెండు

గ్రీమ్స్‌పేటలో మేడమెట్లెక్కి పోయేసరికి
జ్ఞానప్రకాశం సారు దాన్ని మంచం మీద పండబెట్టి
ఫ్యాన్ వేసి ఉండాడు,
డాక్టరు కోసం కాచుకోనుండే మనిషి మాదిరి.

"ఎవరికిమా, పిల్లోడికా?"
నాకే అంటిని.
నలభై ఎనిమిదేళ్ళ నన్ను
ఖాకీ కోటు కాడినుంచి చెప్పుల దాకా చూసి
ఇంగేమీ అడగలేదు.
కుర్చీ మీది పేపర్లు తీసి కింద పెట్టినాడు.

పాతది చూసి తీసుకోవడం నాకు రాదని కాదు.
మొగిలి ఘాట్‌లో ఇరవై రెండేళ్ళు తిరిగినదాన్ని.
కొత్త బస్సు మెరుస్తాది గానీ
మలుపు కాడ దాని మనసులో ఏముందో తెలీదు.
ఏడు లక్షల కిలోమీటర్లు నడిచిన బండి
యాడ మూలుగుతుందో ముందే చెప్పి మూలుగుతుంది.

అయినా ఇది బస్సు కాదు కదా.

నాకు నేర్పించే పిల్లోడు ఇర్ఫాను
టికెట్ కాగితం వెనక రాసిచ్చినాడు:
మెడ చూడు, పొట్ట చూడు,
ప్రతి మెట్టూ నొక్కు,
రంగు చూసి మోసపోవద్దు.

ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూసినా,
సూదిలో దారం ఎక్కించే చూపు.
రవ్వంత వంపుండాది. ఉండాలంట.
బొత్తిగా నిటారుగా ఉంటే
తీగె ఊగేదానికి తావుండదంట.
ఈ సంగతి తెలీని డిపో మేనేజర్లని ముగ్గుర్ని చూసినా.

సంతలో పనసకాయ తట్టినట్టు తట్టినా.
లోపల యాడా గలగల లేదు.
సంచిలో చెయ్యి పెట్టి రూపాయి బిళ్ళలు రెండు తీసి
పన్నెండో మెట్టు కాడ లావు తీగె కింద దూర్చినా.
ఒకటి సులువుగా పోయింది,
దాని మీద రెండోది బిగువుగా.
సరైన ఎత్తే.
చిల్లర లేదని ఇన్నేళ్ళు జనం చేత తిట్లు తిన్నా,
చిల్లరకి ఇట్లాంటి ఉద్యోగం కూడా ఉందని
ఒక్కరన్నా చెప్పినారా.

ఏడో మెట్టు కాడ మూడో తీగె గిర్రుమనింది,
వదులైపోయిన కిటికీ అద్దం మాదిరి.
"ఆడ అంతే," అనినాడు సారు, "దాచేదేముంది."

ఒకసారి వాయించండి సార్ అంటే
చాలాసేపు చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు.
"షుగరుమా. తీగె తగిలిందో లేదో
వేళ్ళకి తెలీడం లేదు."
అయినా తీసుకున్నాడు.
ఎడమచేతి వేళ్ళని ఒక్కొక్కదాన్నీ కళ్ళతో చూసుకుంటా,
చీకట్లో మెట్లు దిగే ముసలాయన్ని
పక్కనోళ్ళు నడిపించినట్టు,
చర్చిలో పాడే పాట ఒకటి, సగం.
తతిమ్మా సగం నేను అడగలేదు.

తొమ్మిది వేలు అనినాడు.
టికెట్ రేటు బేరం చేసేవాళ్ళని
ఎంతమందిని నడి రోడ్డులో దించేసినానో,
ఆ నోటితోనే ఏడో మెట్టు పేరు చెప్పి
ఒకటిన్నర వెయ్యి తగ్గించినా.
అరియర్స్ డబ్బు, నిలువునా మడిచి
వేళ్ళ సందున పెట్టి లెక్కపెట్టినా.
ఆయన లెక్క చూసుకోలేదు. అది కొంచెం గుచ్చుకునింది.

మురకంబట్టు బస్సులో మా కృష్ణవేణి డ్యూటీ.
"లగేజీ కొట్టనా మునిలక్ష్మక్కా?"
కొట్టు అంటిని.
నగుతా కొట్టింది. ఆ టికెట్ దాచిపెట్టినా.

రాత్రి అన్నం తిని, తలుపు వేసుకోని,
ఇర్ఫాను చెప్పిన మూడు వేళ్ళూ పెట్టినా.
టికెట్లు చించి చించి కాయ కట్టింది
కుడి బొటనవేలికి.
దీనికి కావాల్సింది ఎడమచెయ్యి.
ఆ పక్క వేళ్ళు ఇంకా స్కూలు పిల్లలే,
నాలుగు నిమిషాలకే ఎర్రగా అయి ఏడుపు మొహం పెట్టినాయి.
ఆరు తీగెల్లో రెండు పలికినాయి.

తొమ్మిదిన్నరకి ఫోను.
"మా, పడమటి గోడకి మాత్రం ఆనించొద్దు.
ఎండకి గోడ కాగి, రాత్రంతా వేడి వదల్తా ఉంటుంది."

ఆనించింది పడమటి గోడకే.
లేచి మార్చినా.