అనామతు ఖాతా

తంబుచెట్టి వీధి. మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
తరమణి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు
ఆయాసం తీరకముందే చెప్పాడు:
"గంటని పది ముక్కలు చేయండి మేడమ్,
ముక్కకి ఆరు నిమిషాలు.
ఇకమీదట బిల్లు అట్లాగే."
కుముదవల్లి లాయరమ్మ తల ఊపింది.
పదకొండేళ్లుగా ఇక్కడ లెక్కలు చూసేదాన్ని,
నేనూ ఊపాను.

ముప్పై నాలుగు చిట్టా పుస్తకాలు.
ఎర్రగుడ్డ అట్టలు, చెమట మరకలు,
అన్నిటా గుమస్తా పొన్నురంగం దస్తూరీ.
చేరిన్నాడు ఆయనకి మీసం రాలేదట.
పోయిన ఆడి నెలలో మానేసిన్నాడు
సున్నాకీ తొమ్మిదికీ తేడా ఆనలేదు.
అవన్నీ ఇప్పుడు నా వేళ్ల మీదుగా
తెర మీదికి దిగాలి.

దిగుతున్నాయి.
వకాలతు స్టాంపు, దిగింది.
నకళ్ల ఖర్చు, దిగింది.
అమీనాకి ఆటో, గొణుక్కుంటూ దిగింది.
"ఫీజు కింద చింతపండు రెండు కిలోలు":
జీఎస్టీ ఎంత శాతమో చెప్పమంది.
"కక్షిదారు ఏడ్చినాడు. సోడా ఒకటి":
దావా నంబరు లేనిదే కదలనంది,
గడి పక్కన ఎర్రచుక్క.
ఏ దావా?
ఏడ్చినవాడి పేరైనా రాయలేదు పొన్నురంగం.
సోడా పేరు రాశాడు. పన్నీరు సోడా.

నాలుగో రోజు
కక్షిదార్ల సొమ్ము ఖాతా మొరాయించింది.
బ్యాంకుకీ పుస్తకాలకీ మూడు వందల నలభై తేడా.
తక్కువుంటే ఎవరినో అనుమానించొచ్చు.
ఎక్కువుంది.
బీచ్ స్టేషన్లో ఆఖరి లేడీస్ స్పెషల్ వెళ్లిపోయింది,
కోర్టు గుమ్మటం మీద కాకులు సర్దుకున్నాయి,
నేనింకా పేజీలు వెనక్కి తిప్పుతున్నాను.

పొన్నేరి చెంగమ్మ. భూమి పరిహారం దావా.
పందొమ్మిదేళ్లు.
వాయిదాకి ముందు ప్రతిసారీ ఒక జమ:
అరవై, నూటపది, నూట ఎనభై.
ఎవరిచ్చారో రాయాల్సిన చోట
కలం ఆనించి ఎత్తేసిన చుక్క.
మర్నాడే ఖర్చు: బత్తా.
బత్తా కట్టకపోతే దావా కొట్టేస్తారని
ఈ వీధిలో టీ అమ్మేవాడికి కూడా తెలుసు.
చెంగమ్మ దగ్గర బస్సు చార్జీలే ఉండేవి కావని
నాకు తెలుసు.
జమలన్నీ ఒకటో తారీఖువి.
ఒకటో తారీఖు మా జీతాల రోజు.
చివరి జమ, మూడు వందల నలభై,
ఖర్చు పడకుండా అక్కడే కూర్చుంది.

ఫోను చేశాను. తండయార్‌పేట, వెనక కుక్కర్ ఈల.
"ఆ దుడ్డా? గ్యాపకం లేదమ్మా,
ఎట్లా తోస్తే అట్లా రాసుకో."
అని, ఊరుకోకుండా,
"ఆయమ్మ పేషీ ఎప్పుడు?"

నాకు తెలీదు.
లాయరమ్మకీ తెలీదు.
ముప్పై నాలుగు పుస్తకాల్లోనూ లేదు,
వాయిదాల్ని ఆయన తలలో పెట్టుకుని
ఆ తలతోనే ఇంటికెళ్లిపోయాడు.
అప్పుడు తెర టింగుమంది.
కుర్రాడు పొద్దున్నే దానికి
కోర్టు జాబితా ముడిపెట్టి వెళ్లాడు.
చెంగమ్మ. బత్తా గడువు. గురువారం.

అప్పటిదాకా దాన్ని మనసులో
ఎన్ని తిట్టానో, అన్నీ వాపసు తీసుకోలేదు గానీ
కొన్ని తీసుకున్నాను.

గురువారం కట్టేశాను.
మూడు వందల నలభైలో మూడు వందలు పోయాయి.
జమ ఎవరిదని మళ్లీ అడిగితే
కొత్త పద్దు తెరిచి 'అనామతు' అని కొట్టాను.
కుర్రాడు ఫోన్లో అడిగాడు, అంటే ఏంటి మేడమ్?
ఎవరిదో తేలని డబ్బుకి మా వాళ్లు పెట్టిన పేరు, అన్నాను.
తేలాక తీసేయాలా?
తేలింది. తీయను.

పొన్నురంగంతో మాట్లాడింది పద్దెనిమిది నిమిషాలు.
మూడు ముక్కలు.
ఎవరి పేర బిల్లు వేయనో
ఇంకా ఆలోచిస్తున్నాను.

పన్నీరు సోడా మాత్రం దిగలేదు.
ఎర్రచుక్క అట్లాగే ఉంది.