పచ్చ తీగ, నల్ల తీగ

మిర్చి యార్డులో కొట్టు ఎత్తేసిన కమీషన్ వాళ్ళు
నాలుగున్నర వేలకిచ్చారు.
ఆటో అతను తాళ్ళతో బిగించి, గోనెపట్టా కప్పి
మూడొంతెనల కింద నించి తీసుకొచ్చాడు
జ్వరమొచ్చిన దూడని తెచ్చినట్టు.

కోర్టు గోడ పక్కన నా రేకుల గది.
ప్లగ్గు పెట్టాను. మీట నొక్కాను.
ఏమీ లేదు.

ఏమీ లేకపోవడంలో కూడా రకాలుంటాయని
ఆ రోజు దాకా నాకు తెలీదు.
ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయేది వేరట,
కూత కూసి చీకటి చూపించేది వేరట.
ఇది మూడోది,
పిలిస్తే పలకనిది.

మూలన గుడ్డ కప్పుకుని నా పాత టైపు మిషను.
ఇరవై ఏళ్ళకి పైగా అఫిడవిట్లు కొట్టింది,
కరెంటు పోవడమంటే ఏంటో దానికి తెలీదు.
రిబ్బన్లమ్మే ఆఖరి కొట్టు మాత్రం
మొన్న వేసవిలో సెల్‌ఫోన్ కవర్ల కొట్టయింది.

నమాజు అయ్యాక నాగుల్ మీరా వచ్చాడు,
చొక్కా జేబులో పెన్ను లాగా స్క్రూడ్రైవరు.
"ముందు గోడని అనుమానించాలక్కా,
తర్వాత తీగని.
మనిషిని ఆఖర్న."
మనిషంటే పెట్టె అని నాకు తట్టేలోగా
టేబుల్ లైటు వెలిగించి గోడని వదిలేశాడు,
వేరే తీగ పెట్టి తీగని వదిలేశాడు,
వెనకనున్న చిన్న మీట సున్నా మీదుందో ఒకటి మీదుందో
వేలితో తడిమి చూశాడు.
మరలు విప్పి తలుపు లాగాడు.

అంతే!
తేజ రకం ఘాటు.
ఫ్యాను రెక్కల మీద, తీగల సందుల్లో
ఎర్రటి ధూళి.
ఎన్ని సీజన్ల వేలంపాటలు పీల్చుకుని కూర్చుందో!
మీరా తుమ్మాడు, నేను తుమ్మాను,
వకాల్తా కాగితాలకి వచ్చిన ప్లీడరు గుమస్తా పున్నారావు
గుమ్మంలోనే తుమ్మి
శకునం బాలేదని వెనక్కెళ్ళిపోయాడు.

బ్రష్షుతో ఊడ్చాం. సైకిలు పంపుతో ఊదాం.
మెమరీ పలక ఊడదీసి
వాడి బంగారు పళ్ళు
పెన్సిలు రబ్బరుతో తోమాడు మీరా.
మళ్ళీ మీట.
మళ్ళీ ఆ మూడో రకమే.

అప్పుడడిగాడు నా బల్ల మీది జెమ్ క్లిప్పు,
పిటిషన్ల నడుం పట్టుకునేది.
దాన్ని వంచి
పెద్ద ప్లగ్గులో పచ్చ తీగ కన్నానికీ
పక్కనే నల్ల తీగ కన్నానికీ వంతెన వేశాడు.
కరెంటు పెట్టె గుర్రుమంది, ఫ్యాను తిరిగింది.
నా కళ్ళలో నీళ్ళు.
ఘాటుకే లెండి.
"గుండె బానే ఉందక్కా,
లెమ్మని చెప్పే మాటే లోపలికి పోవట్లా."

ముందు మీట పీకితే
దాని గూట్లో ఒక మిరపగింజ,
ఎండి, తీరుబడిగా.
గింజ తీసినా మీట స్ప్రింగు లేవలేదు.
అతను రీసెట్ మీట తీగ లాగి
పవరు పిన్నులకి తగిలించాడు.
"ఇక మీదట ఇది నొక్కు."

ఒక్క కూత.
నల్ల తెర మీద తెల్ల అక్షరాలు,
తేదీ: జనవరి ఒకటి, రెండు వేల రెండు.
"బిళ్ళ బ్యాటరీ పోయింది, రేపు తెస్తా" అని
అతను చేతులు కడుక్కోడానికి పోయాడు.

రెండు వేల రెండు జనవరి.
బ్రాడీపేట నాలుగో లైను మేడ మీద
అక్షరాల మీద అట్టముక్క కప్పి
చూడకుండా కొట్టమనేవారు మాస్టారు.
నా చిటికెన వేలికి బలం చాలక
ప్రతి 'ఎ'నూ వెలిసిపోయినట్టు పడేది.

తెర మీద ఒక్కటే ఫైలు, పేరు 'రావలసినవి'.
ఎవరికో, ఎవరి నించో.
తెరవలేదు, ఓ మూలకి జరిపాను.

ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని
పున్నారావు మళ్ళీ వచ్చాడు.
తేదీ చూసి నవ్వాడు.
"ఫిలోమినమ్మా, కాలదోషం పట్టింది,
ఏ కోర్టులోనూ నిలబడదు."

సరేలే, చెప్పండి, అన్నాను.
చూడకుండా వేళ్ళు పెట్టాను.
మీటల సందుల్లో ఇంకా ఎర్రగా ఉందని
చూడలేదు,
రెండో లైను మధ్యలో
కన్ను నులుముకునేదాకా.